ఇప్పుడు ఏ మాత్ర వేయాలి? ఒక మందుల చీటీ డిజైన్ కేస్ స్టడీ

డిశ్చార్జి రోజున ఇచ్చే మందుల చీటీని "కాస్త నీట్‌గా, కలర్‌ఫుల్‌గా" చేసిపెట్టమని ఒక ఆసుపత్రి వాళ్లు అడిగారు. లోగో పైన ఉండాలి, ఆసుపత్రి రంగులు వాడాలి, అంతా తెలుగులో ఉండాలి, ఒక్క పేజీలో సరిపోవాలి. అంతకుమించి ఏమీ చెప్పలేదు. చివరికి మేం చేసిచ్చిన చీటీలో రంగే లేదు. లోగో అడుగున చిన్నగా ఉంది. కాగితం రెండు వైపులా అచ్చవుతుంది. అయినా వాళ్లు దాన్నే ఖాయం చేసుకున్నారు. ఒక్కో నిర్ణయం ఎందుకు తీసుకున్నామో, దాని వెనక నేను నమ్మేదేమిటో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. గ్రాఫిక్ డిజైన్ అంటే లోగోలు, పోస్టర్లే అనుకుని ఈ పనిలోకి వస్తున్నవాళ్లు ఇలాంటి పనిని కూడా దగ్గర నుంచి చూడాలని నా కోరిక.

పాత చీటీ డిశ్చార్జి సమ్మరీలో ఆఖరి పేజీ. మందు పేరు, డోసు, ఎలా వాడాలి, ఎన్ని రోజులు, రిమార్క్స్ అని ఐదు నిలువు గళ్ల పట్టిక. "ఎలా వాడాలి" కింద 1-0-1 అనో 0-0-1 అనో ఉండేది. ఉదయం ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని డాక్టర్లకు, నర్సులకు చూడగానే తెలుస్తుంది. రిమార్క్స్‌లో ఏసీ, పీసీ, ఎస్ఓఎస్ లాంటి పొడి అక్షరాలు. తినక ముందు, తిన్నాక, అవసరమైతేనే అని వాటి అర్థం. అన్ని అక్షరాలూ ఒకే సైజు, అదీ చిన్నది. అందులో తప్పు సమాచారం ఒక్క ముక్క కూడా లేదు. వైద్యం తెలిసినవాళ్లు వైద్యం తెలిసినవాళ్ల కోసం రాసిన కాగితం అది. దాన్నే ఇంటికి పంపుతున్నారు.

ఏ పని వచ్చినా నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే: దీన్ని ఎవరు, ఏ సమయంలో, ఏ స్థితిలో చూస్తారు? "పేషెంట్లు చూస్తారు" అన్నారు వాళ్లు. ఆ జవాబుతో డిజైన్ మొదలుపెట్టలేం. చాలా ఇళ్లలో పేషెంటు ఈ కాగితం చదవరు. కూతురో, కోడలో, భర్తో చదివి మాత్రలు చేతిలో పెడతారు. అది ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన మొదటి రాత్రి అనుకోండి. ఒళ్లంతా అలసట, మనసులో టెన్షన్. మంచం మీద ఆరేడు స్ట్రిప్పులు, ఒక సిరప్ సీసా. అప్పుడు వాళ్ల మనసులో ఉండే ప్రశ్న "ఇప్పుడు ఏవి వేయాలి?" అని. పాత చీటీ మాత్రం "ఈ మందు ఎప్పుడెప్పుడు వేయాలి?" అనే ఇంకో ప్రశ్నకు జవాబు చెబుతోంది. ఇప్పటి పూట సంగతి తెలియాలంటే పట్టికలో ప్రతి వరుసా చదివి, మూడో అంకె సున్నానా కాదా అని చూసుకుంటూ రావాలి. ఒక్క వరుస దాటిపోయినా ఒక మాత్ర దాటిపోయినట్టే.

సిస్టర్ చేతులు

స్కెచ్ వేయకముందు ఆసుపత్రి అనుమతి తీసుకుని ఫార్మసీ కౌంటర్ పక్కన, వార్డులో డిశ్చార్జి చేసే చోట కూర్చున్నాను. చీటీ చేతికిచ్చాక ఏం జరుగుతుందో చూడాలి. దాదాపు ప్రతిసారీ జరిగేది ఒకటే. ఇంటివాళ్లు ఒకసారి చీటీ చూసి, దాన్ని మడిచి పక్కన పెట్టి, స్ట్రిప్పులు సిస్టర్ ముందు పరిచేవాళ్లు.

"అమ్మా, ఇవి రెండూ పొద్దున తిన్నాక. ఇది రాత్రికి ఒక్కటే. ఇదిగో, ఈ చిన్నది పరగడుపున."

"చిన్నదంటే ఈ తెల్లదా సిస్టర్?"

"రెండూ తెల్లవేనమ్మా. ఇదిగో, ఈ పేరున్నది చూడండి."

ఇలా చెబుతూనే ఆవిడ చేతులు ఇంకో పని చేస్తున్నాయి. పొద్దున వేసేవన్నీ ఒక కాగితం కవరులో, రాత్రివి ఇంకో కవరులో పెట్టి, పైన పెన్నుతో పెద్దగా పూట రాస్తున్నారు. రెండు పూటలా వేయాల్సిన మందు వస్తే స్ట్రిప్పును కత్తెరతో రెండు ముక్కలు చేసి చెరో కవరులో పడేస్తున్నారు. అక్కడ నేను ఆగిపోయాను. స్ట్రిప్పు కత్తిరిస్తే మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఏదో ఒక ముక్క మీదే మిగలొచ్చు. రెండో ముక్క ఇంటికి వెళ్లాక పేరులేని మాత్రలైపోతుంది. ఆ ప్రమాదం ఆవిడకు తెలియక కాదు. చీటీ చేయాల్సిన పని చీటీ చేయడం లేదు కాబట్టి ఆ పనిని కత్తెరతో చేస్తున్నారు.

డిజైనర్లకు నేను గట్టిగా చెప్పే మాట ఇది: మీ దగ్గరికి వచ్చిన ఫారం మీదో, బోర్డు మీదో, చీటీ మీదో జనం పెన్నుతో ఏం కలిపి రాస్తున్నారో ముందు చూడండి. చుట్టిన సున్నాలు, పక్కన గీసిన బాణాలు, గుచ్చిన కాగితాలు, అన్నీ అసలు డిజైన్‌లో ఉండాల్సినవే. వార్డులో మిగిలిపోయిన పాత చీటీల కాపీలు పేర్లు కొట్టేసి నాకు ఇచ్చారు. వాటి మీద సిస్టర్లు రాసినదంతా గోడకు అంటించుకుని చూస్తే లేఅవుట్ దానంతటదే కనిపించింది. వాళ్లు మందుల పట్టికను వేళల పట్టికగా తిరగరాస్తున్నారు.

పట్టికను తిప్పడం

కొత్త చీటీ ముందు వైపు నాలుగు అడ్డ పట్టీలు: ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. ఒక్కో పట్టీలో ఆ పూట వేయాల్సినవే ఉంటాయి. పట్టీ లోపల సన్నటి గీత ఒకటి. గీతకు పైన తినక ముందు వేసేవి, కింద తిన్నాక వేసేవి. రాత్రి మందులు వేసేవాళ్లు రాత్రి పట్టీ ఒక్కటి చూస్తే చాలు. మిగతా కాగితంతో పని లేదు. రోజుకు రెండుసార్లు వేసే మందు పేరు రెండు పట్టీల్లోనూ అచ్చవుతుంది.

ఈ చివరి విషయం దగ్గర మా టీంలోనే వాదన వచ్చింది. ఒకే సమాచారం రెండు చోట్ల రాయకూడదని, తీసేయగలిగినదంతా తీసేయాలని మనం చదువుకుంటాం. నేను దానితో పూర్తిగా ఏకీభవించను. డిజైనర్ పని ముందుగా వరుస పెట్టడం. ఏది ఎప్పుడు కంటికి కనపడాలో తేల్చాక, తీసేయాల్సినవి వాటంతట అవే బయటపడతాయి. ఒక్కోసారి కలపాల్సినవి కూడా. చదివేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన బరువును కాగితం మోస్తే, అదే పేరు మూడు చోట్ల వచ్చినా నాకు అభ్యంతరం లేదు.

ఇలా ఆలోచించడానికి నాకు ధైర్యం ఇచ్చిన పాత ఉదాహరణ లండన్ భూగర్భ రైలు మ్యాప్. హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ 1931లో గీసిన ఆ పటం 1933లో ప్రయాణికుల చేతికి వచ్చింది. ఊరి మీద స్టేషన్లు నిజంగా ఎంతెంత దూరంలో ఉన్నాయన్నది ఆయన పక్కన పెట్టేశారు. గీతలన్నీ అడ్డంగానో, నిలువుగానో, 45 డిగ్రీల వాలులోనో ఉంటాయి. రైల్లో కూర్చున్నవాళ్లకు ఎక్కడ దిగాలో, ఎక్కడ లైను మారాలో తెలిస్తే చాలు కదా. సర్వేయర్‌కు అవసరమైన నిజం వేరు, ప్రయాణికుడికి అవసరమైన నిజం వేరు. రెండూ నిజాలే.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు గారు మొదటి ప్రూఫ్ చూసి వెంటనే ఒప్పుకోలేదు. "మందు పేరు ముందు లేకపోతే, రేపు ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే ఏం వాడుతున్నారో ఆయనకు ఒక్క చూపులో ఎలా తెలుస్తుంది?" అన్నారు. సరైన ప్రశ్న. ఒకే కాగితానికి ఇద్దరు పాఠకులు ఉన్నప్పుడు ఇద్దరికీ నచ్చేలా మధ్యస్థంగా ఏదో చేస్తే ఇద్దరికీ ఉపయోగపడదు. అందుకే కాగితం వెనక వైపు పాత పట్టికనే ఉంచాం. మందులోని రసాయనం పేరు, డోసు, 1-0-1, ఏది కొత్తగా మొదలైంది, ఏది ఆపేశారు. ముందు వైపు ఇంటికి, వెనక వైపు డాక్టరుకు. ఒక్క పేజీ అన్న షరతు అక్కడితో పోయింది. దాని గురించి మళ్లీ ఎవరూ అడగలేదు.

పేరు ఏ లిపిలో?

చీటీ అంతా తెలుగులో ఉండాలని ఆసుపత్రి వాళ్లు మొదట్నించీ అన్నారు. నాకూ ఇష్టమే. మందుల పేర్ల దగ్గర మాత్రం వేరేగా ఆలోచించాల్సి వచ్చింది. స్ట్రిప్పు మీద పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. చీటీలో తెలుగులో మాత్రమే రాస్తే, చదివేవాళ్లు తెలుగు శబ్దాన్ని ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో పోల్చుకోవాలి. ఇంగ్లీషు రానివాళ్లకు అది అసాధ్యం, వచ్చినవాళ్లకూ ఆలస్యం. అదే ఇంగ్లీషు అక్షరాలను చీటీ మీద పెద్దగా అచ్చేస్తే, చదవడం రానివాళ్లు కూడా ఆకారానికి ఆకారం పెట్టి సరిచూసుకోగలరు. వార్డులో అలా చేస్తున్నవాళ్లను చూశాను. స్ట్రిప్పును కాగితం పక్కన ఆనించి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కదుపుతున్నారు. అందుకే ఇంగ్లీషు పేరు పెద్దగా, దాని కింద తెలుగు ఉచ్చారణ కొంచెం చిన్నగా పెట్టాం. ఫోన్‌లో డాక్టరుకు పేరు చదివి చెప్పడానికి తెలుగు వరుస పనికొస్తుంది.

డాక్టర్లు మందుల పేర్లు అర్థమయ్యేలా, వీలైతే ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయాలని అప్పటి భారత మెడికల్ కౌన్సిల్ 2016లో నిబంధన సవరించింది. చేతిరాత విషయంలో అది మంచి నిబంధన. అచ్చులో పరిస్థితి కొంచెం వేరు. అన్నీ పెద్ద అక్షరాలైతే ప్రతి పేరూ ఒకే ఎత్తు దీర్ఘచతురస్రంలా కనిపిస్తుంది, దగ్గర దగ్గర పేర్లు కలిసిపోతాయి. ఒకేలా కనిపించే పేర్లలో తేడా ఉన్న భాగాన్ని మాత్రమే పెద్ద అక్షరాల్లో వేసే పద్ధతి ఒకటి అమెరికాలో వాడుకలో ఉంది, మందుల భద్రత చూసే సంస్థలు దాన్ని సిఫారసు చేస్తాయి. మేం ఆ పద్ధతిని వెనక వైపు పట్టికకు తీసుకున్నాం. ముందు వైపు మాత్రం స్ట్రిప్పు మీద ఎలా ఉంటే అలాగే, ఎందుకంటే అక్కడ పని పోల్చుకోవడం.

అంకెల దగ్గర ఆ సంస్థలు ఏళ్లుగా చెబుతున్న నియమాలు యథాతథంగా పాటించాం. 5 అని రాయాలి, 5.0 అని రాయకూడదు, చుక్క కనపడకపోతే అది 50 అవుతుంది. అరకు ముందు సున్నా ఉండాలి: 0.5. మైక్రోగ్రాముకు గ్రీకు అక్షరం వాడకూడదు, మిల్లీగ్రాముగా పొరబడితే తేడా 1000 రెట్లు. ఇంటివైపు పేజీలో ఇంకో అడుగు ముందుకు వేశాం. సగం మాత్రను ఒకటి బై రెండు అనే చిన్న భిన్నంగా అచ్చేస్తే జిరాక్స్‌లో గీత చెదిరి "ఒకటి, రెండు"లా కనిపిస్తుంది. అందుకని "అర మాత్ర" అని అక్షరాల్లోనే రాశాం, పక్కన సగం నింపిన గుండ్రం బొమ్మ.

తెలుగు అక్షరానికి చోటు

ఫాంట్ ఎంపిక చాలామంది అనుకున్నంత ఆసక్తికరంగా సాగలేదు. శీర్షికలకు రామభద్ర లాంటి బరువైన ఫాంట్లు ఎంత బాగున్నా, ఇక్కడ ఒకే కుటుంబంలో పలచన నుంచి మందం దాకా చాలా బరువులు కావాలి, ఉచితంగా పంచుకునే లైసెన్స్ కావాలి, చిన్న సైజులో మ, య మధ్య తేడా, ప, ష మధ్య తేడా చెదరకూడదు. నోటో సాన్స్ తెలుగు ఆ మూడు పరీక్షలూ నెగ్గింది. అది తీసుకుని ముందుకు వెళ్లిపోయాం.

అసలు పని వరుసల మధ్య చోటు దగ్గర. "మధ్యాహ్నం" అన్న మాట తీసుకోండి. ధ కింద యవత్తు, హ కింద నవత్తు. ఆ వత్తులు కిందికి దిగుతాయి. కింది వరుసలో "తిన్నాక" అని ఉంటే దాని గుడి పైకి లేస్తుంది. ఇంగ్లీషుకు అలవాటైన లీడింగ్ (ఒక వరుస నుంచి కింది వరుసకు ఉండే దూరం) పెడితే పై వరుస వత్తు, కింది వరుస గుడి ఒకదాన్నొకటి తాకుతాయి. లేజర్ ప్రింటర్‌లో టోనర్ తగ్గినప్పుడు, జిరాక్స్ తీసినప్పుడు ఆ రెండూ అతుక్కుని కొత్త అక్షరంలా కనిపిస్తాయి. మేం 14 పాయింట్ల అక్షరానికి 22 పాయింట్ల లీడింగ్ పెట్టాం. చూపు తగ్గినవాళ్ల కోసం పనిచేసే బ్రిటన్ సంస్థ ఆర్ఎన్ఐబీ మామూలు ముద్రణకు కనీసం 12 పాయింట్లు ఉండాలంటుంది. అది ఇంగ్లీషు అక్షరాన్ని దృష్టిలో పెట్టుకున్న లెక్క. తెలుగులో ఒక్క అక్షరంలోనే తలకట్టు, గుడి, వత్తు అన్నీ ఇమడాలి కాబట్టి నేను 14 పాయింట్లకంటే కిందికి ఎప్పుడూ పోను.

నొక్కి చెప్పడానికి తెలుగులో సాధనాలు తక్కువ. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే తేడా మనకు లేదు. ఇటాలిక్ అని కంప్యూటర్ ఇచ్చేది అక్షరాన్ని పక్కకు వంచడమే. అండర్‌లైన్ వేస్తే గీత సరిగ్గా వత్తుల మీదుగా పోతుంది, "రాత్రి"లో రవత్తును అది కోసేస్తుంది. మిగిలేవి మూడు: మందం, సైజు, చుట్టూ ఖాళీ. ఈ మూడింటిలో ఖాళీనే నేను ఎక్కువ నమ్ముతాను. పట్టీల పేర్లు బోల్డ్‌లో, ఎడమ అంచున, చుట్టూ ఏమీ లేకుండా ఉంటాయి. పేరాలను రెండు వైపులా సమంగా లాగడం పూర్తిగా మానేశాం. తెలుగు మాటలు పొడవు, వరుసకు నాలుగైదే పడతాయి, సమంగా లాగితే మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు పడి చదివే చూపు తెగిపోతుంది.

రంగు ఎందుకు వద్దన్నాం

వార్డుల్లో ఉన్నవన్నీ నలుపు తెలుపు లేజర్ ప్రింటర్లే. రంగు ప్రింటర్లు కొన్నా, ఇంటివాళ్లు చీటీని జిరాక్స్ తీయిస్తారు, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుకుంటారు. రంగు మీద ఆధారపడిన తేడా ఆ ప్రయాణంలో మొదటి మెట్టులోనే పోతుంది. పైగా వయసు పెరిగేకొద్దీ కంటి లెన్స్ పసుపు తేలుతుంది, నీలం ఛాయల మధ్య తేడా పట్టుకోవడం కష్టమవుతుంది. ఆసుపత్రి రంగు ఏదంటే, లేత నీలం. బూడిద రంగు పట్టీలు వేద్దామన్న ఆలోచన కూడా జిరాక్స్ దగ్గరే ఆగిపోయింది. అది చుక్కలు చుక్కలుగా మారి అక్షరాలను తినేసింది. తెల్ల కాగితం, నల్ల అక్షరం, మందం గీత, సన్న గీత. అంతే.

బొమ్మల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ ముందు అడిగేది అదే. సూర్యుడు, చంద్రుడు పెడదామన్నారు. చంద్రుడితో ఇబ్బంది లేదు. ఉదయానికి సగం సూర్యుడు, మధ్యాహ్నానికి నిండు సూర్యుడు అనుకుంటే సాయంత్రానికి ఏం గీస్తాం? నేల మీంచి లేస్తున్న సూర్యుడూ, దిగుతున్న సూర్యుడూ నలుపు తెలుపు బొమ్మలో ఒకటే. పట్టీలకు 1, 2, 3, 4 అని అంకెలు వేద్దామంటే, మందుల చీటీలో అంకె కనిపిస్తే అది మాత్రల లెక్క అనుకుంటారు. చివరికి స్థానాన్నే గుర్తుగా చేశాం. పై పట్టీ ఎప్పుడూ ఉదయం, అడుగు పట్టీ ఎప్పుడూ రాత్రి. ఒక పూట మందులేవీ లేకపోయినా ఆ పట్టీ మాయం కాదు, "ఈ పూట మందులు లేవు" అని రాసి ఉంటుంది. ఖాళీగా వదిలితే ప్రింటు సరిగా పడలేదేమో అని ఇంటివాళ్లకు సందేహం.

చీటీ తలమీద అన్నింటికంటే పెద్దగా ఉండేది పేషెంటు పేరు, వయసు. ఆసుపత్రి పేరుకంటే పెద్దగా. దీనికి డెబోరా ఆడ్లర్ చేసిన పని గుర్తొచ్చింది. ఆవిడ అమ్మమ్మ పొరబాటున తాతగారి మందు వేసుకున్నారు. అప్పుడు డిజైన్ విద్యార్థినిగా ఉన్న ఆడ్లర్ మందు సీసానే మళ్లీ ఆలోచించారు. 2005లో అమెరికాలోని టార్గెట్ దుకాణాలు ఆ సీసాను అమ్మకానికి తెచ్చాయి. మందు పేరు లేబుల్ పైన పెద్దగా ఉండేది, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో రంగు రింగు ఉండేది. ఒకే ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరికీ మందులు అన్న పరిస్థితి ఎక్కడైనా ఉన్నదే. మాకు రింగు లేదు కాబట్టి ఆ పని పేరు సైజు చేస్తుంది.

వారానికి ఒక్క మాత్ర

వేళల పట్టికకు లొంగని మందులు ఉన్నాయి. వాటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కరోజే ఇస్తారు. పొరబాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇలాంటి పొరబాట్లు చాలా దేశాల్లో నమోదయ్యాయి. మా చీటీ ఎంత చక్కగా "రాత్రి ఇవి వేయండి" అని చెబితే, రాత్రి పట్టీలో ఉన్న వారపు మాత్ర అంత ప్రమాదం. చదివేవాళ్లకు మనం నేర్పిన అలవాటే అక్కడ వాళ్లకు ఎదురు తిరుగుతుంది.

పట్టీ లోపలే "వారానికి ఒకసారి" అని బోల్డ్‌లో రాయడం ఒక దారి. నేను దానికి ఒప్పుకోలేదు. హెచ్చరిక చదివితేనే భద్రం అనే డిజైన్ అలసిన మనిషికి పనికిరాదు. వారపు మందులను నాలుగు పట్టీల నుంచి పూర్తిగా బయటికి తీసి, కాగితం అడుగున మందపాటి గీతలతో వేరే పెట్టె కట్టాం. అందులో వారం పేరు పెద్దగా ఉంటుంది: "బుధవారం మాత్రమే". ఏ వారమో డాక్టరు ఎంచుకోకపోతే టెంప్లేట్ ప్రింటు కాదు. దాని కింద రాబోయే నాలుగు వారాల తేదీలు, ఒక్కో తేదీ పక్కన టిక్కు పెట్టుకునే గడి. రోజువారీ పట్టీల్లో ఆ మందు పేరు ఎక్కడా కనపడదు.

నొప్పి వస్తేనే, జ్వరం వస్తేనే వేసేవాటికి ఇంకో పెట్టె. అక్కడ మూడు విషయాలు తప్పనిసరి: ఎప్పుడు వేయాలి, రెండింటి మధ్య ఎన్ని గంటలు ఆగాలి, రోజుకు ఎన్నికి మించకూడదు. పాత చీటీలో ఎస్ఓఎస్ అన్న మూడక్షరాలు ఈ మూడింటినీ దాచేసేవి.

రోజుల లెక్క కూడా మార్చాం. "5 రోజులు" అంటే ఈరోజుతో కలిపా, రేపటి నుంచా? డిశ్చార్జి రోజు పొద్దున మాత్ర ఆసుపత్రిలోనే వేసి ఉంటారు. అది తెలియక ఇంటికెళ్లి మళ్లీ వేసేవాళ్లు ఉంటారు. ఇప్పుడు ప్రతి మందు పక్కన ఆఖరి మాత్ర ఏ తేదీన, ఏ పూటో అచ్చవుతుంది. చీటీ పైన "ఇంట్లో మొదట వేయాల్సిన పూట" అని ఒక వరుస ఉంటుంది. నా దృష్టిలో మొత్తం కాగితంలో ఎక్కువ పనిచేసే వరుస అదే.

అర్థమైందా అని అడగకూడదు

పరీక్షించేటప్పుడు "అర్థమైందా?" అని ఎవరినీ అడగలేదు. ఆసుపత్రిలో ఆ ప్రశ్నకు అందరూ "ఆ, అర్థమైంది" అనే అంటారు. డాక్టరు ముందు తెలియలేదనడం ఎవరికైనా ఇబ్బందే. మేం నాలుగు కప్పులు, ఖాళీ స్ట్రిప్పులు, మాత్రలకు బదులు గుండీలు ఇచ్చాం. చీటీ చూసి రాత్రికి వేయాల్సినవి రాత్రి కప్పులో పెట్టమన్నాం. మాట్లాడకుండా చూస్తూ కూర్చున్నాం. చేయి ఎక్కడ ఆగుతుందో, చూపు ఎక్కడ వెనక్కి వెళ్తుందో అక్కడ డిజైన్‌లో పని మిగిలి ఉన్నట్టు. తినక ముందు, తిన్నాక అనే గీత మొదట్లో చాలామంది కంటికి ఆనలేదు. గీతకు పైనా కిందా ఖాళీ పెంచితే చేతులు ఆగడం తగ్గింది. వారపు మాత్రను కప్పులో వేయబోయి, ఏ కప్పో తెలియక పక్కన పెట్టేసినవాళ్లను చూసినప్పుడు మాత్రం నాకు చాలా సంతోషమైంది. అక్కడ కోరుకున్నది ఆ తటపటాయింపే.

అప్పగించడం

డిజైనర్ లేకుండా రోజూ నడిచే పని ఇది. అందమైన ఫైలు ఇచ్చి వచ్చేస్తే నెల తిరిగేసరికి పాత పట్టిక మళ్లీ మొలుస్తుంది. కాబట్టి చీటీని మా సాఫ్ట్‌వేర్‌లో కాకుండా ఆసుపత్రి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లోపలే కట్టించాం. డాక్టరు ఎప్పటిలాగే 1-0-1 అని టైప్ చేస్తే, పట్టీల్లోకి సర్దడం కంప్యూటర్ చేస్తుంది. తెలుగు అంతా యూనికోడ్‌లోనే, అంటే ఏ కంప్యూటర్‌లో తెరిచినా అక్షరాలు మారని పద్ధతిలో. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ వాడే పాత ఫాంట్లలో టైప్ చేసినది ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలుగా మారుతుంది. మందుల చీటీలో ఆ అవకాశం ఒక్క శాతం కూడా ఉండకూడదని పట్టుబట్టాను.

పొడవైన జాబితా వస్తే అక్షరం సైజు తగ్గించే వీలు టెంప్లేట్‌లో లేదు. రెండో కాగితం మొదలవుతుంది, మొదటిదాని అడుగున "ఇంకో పేజీ ఉంది" అని పడుతుంది. ఈ ఒక్క నియమం కోసం సాఫ్ట్‌వేర్ వాళ్లతో చాలాసేపు వాదించాల్సి వచ్చింది. కాగితం ఆదా అవుతుందని వాళ్ల మాట. 14 పాయింట్లే కష్టపడి చదివే మనిషికి 9 పాయింట్లలో ఇచ్చిన కాగితం మొత్తం వృథానే అని నా మాట.

స్ట్రిప్పులు కత్తిరించడం వార్డులో చాలావరకు తగ్గిందని సిస్టర్లు చెప్పారు. కవర్లు ఇంకా వాడుతున్నారు, వాడనీ. చీటీలో పట్టీ ఎలా ఉందో కవరు మీదా అదే పేరు, అదే వరుసలో అచ్చువేయించి ఇచ్చాం.

ఇన్సులిన్ ఈ చీటీలో పట్టదు. షుగర్ ఎంతుందో చూసుకుని యూనిట్లు మార్చుకోవాల్సినవాళ్లకు నాలుగు పట్టీలు చాలవు. దాన్ని ఇందులో ఇరికిద్దామన్నప్పుడు వద్దన్నాను. దానికి వేరే కాగితం చేస్తున్నాం, ఇంకా స్కెచ్ దశకు రాలేదు. ఇంజెక్షన్ ఎలా వేసుకోవాలో సిస్టర్లు ఇంటివాళ్లకు నేర్పేటప్పుడు పక్కన కూర్చుని చూసే పని ప్రస్తుతం నడుస్తోంది.